‘కమిజరేట్’కు తెలుగులో ఏం రాయాలి?

ప్రశ్న: ‘ద టూ లూజర్స్ కమిజరేటెడ్ విత్ ఈచ్ అదర్’ అన్న వాక్యాన్ని తెలుగు చేయాలి. నిఘంటువు జాలిపడు, కనికరించు అంటోంది. ‘ఓడినవాళ్లిద్దరూ ఒకరి మీద ఒకరు జాలిపడ్డారు’ అని రాస్తే ఎబ్బెట్టుగా ఉంది. లోపం ఎక్కడుంది? సరైన మాట చెప్పగలరా?

జవాబు: లోపం విభక్తిలో ఉందండీ. జాలి ఒకరి ‘మీద’ పడతాం, సానుభూతి ఒకరి ‘పట్ల’ చూపుతాం. కమిజరేట్ పక్కన వచ్చేది ‘విత్’, అంటే ‘తో’. జాలిపడేవాడు ఒడ్డున ఉంటాడు, జాలికి గురైనవాడు నీళ్లలో ఉంటాడు. మీ వాక్యంలో ఇద్దరూ నీళ్లలోనే ఉన్నారు, అందుకే జాలి అతకలేదు. ‘ఓడినవాళ్లిద్దరూ ఒకరితో ఒకరు గోడు చెప్పుకున్నారు’ అనండి, సరిపోతుంది. ‘గోడు వెళ్లబోసుకున్నారు’ అన్నా బాగుంటుంది కానీ దుఃఖం పాలు కాస్త పెరుగుతుంది.

ఓడింది ఒక్కరే, రెండోవారు పలకరించడానికి వచ్చినవారైతే మాట మారాలి: ‘అయ్యో అంటూ ఆమె బాధ పంచుకున్నాడు’. ‘అయ్యో అను’ చిన్న మాటలా కనిపిస్తుంది కానీ కమిజరేట్‌కు అంత దగ్గరగా వచ్చేది తెలుగులో మరొకటి లేదు. పైకి అనడం అందులోనే ఉంది కదా.

మరో జవాబు: నిఘంటువును పూర్తిగా తప్పుపట్టలేం. 17వ శతాబ్దపు ఇంగ్లీషులో ‘విత్’ లేకుండా నేరుగా ఒకరిని, లేదా ఒకరి కష్టాన్ని కమిజరేట్ చేయడం మామూలే. ఆ వాడుకకు ‘జాలిపడు’ సరైన అర్థమే. పాత పుస్తకం అనువదిస్తుంటే అదే రాయండి. ఈనాటి ఇంగ్లీషులో మాత్రం ‘కమిజరేటెడ్ హిమ్’ అని రాయకండి, ‘విత్ హిమ్’ ఉండాలి. ఏ విషయంలోనో చెప్పాలంటే ఆ తర్వాత ‘ఆన్’, ‘ఓవర్’, ‘అబౌట్’లలో ఒకటి వస్తుంది.

మూలం లాటిన్‌లో ఉంది. ‘మిసర్’ అంటే దీనుడు, ‘మిసరారీ’ అంటే వాపోవడం, జాలిపడటం. దాని ముందు ‘కామ్’ చేరింది. మిజరీ, మిజరబుల్ ఈ కుదురువే. పిసినారిని చెప్పే ‘మైజర్’ కూడా ఇందులోదే: మొదట దీనుడనే అర్థం, తర్వాత డబ్బుండీ దీనంగా బతికేవాడనే అర్థం వచ్చింది. స్పెల్లింగులో ఎం రెండు, ఎస్ ఒకటి. ఆ ఎస్‌ను జెడ్‌లా పలకాలి, ఊనిక ‘మి’ మీద పడాలి. ‘కమెన్సురేట్’ వేరే మాట, దానికి ‘తగినంత’, ‘తగిన పాళ్లలో’ అని అర్థం. తొందరలో చదివేటప్పుడు ఈ రెండూ కలగాపులగం అవుతుంటాయి.

ఇంకొకరి సూచన: ‘సహానుభూతి చెందారు’ అంటే ఎలా ఉంటుంది?

జవాబు: ఆ మాట ఇప్పుడు ‘ఎంపథీ’కి స్థిరపడుతోంది, దాన్ని అక్కడే ఉండనివ్వడం మంచిది. ఎంపథీ కొత్త మాట. జర్మన్‌లోని ‘ఐన్‌ఫ్యూలుంగ్’కు సమానంగా 1909లో ఎడ్వర్డ్ టిచెనర్ అనే మనస్తత్వవేత్త దాన్ని రూపొందించాడు. ఎదుటివారి మనసులోకి వెళ్లి అనుభూతి చెందడం దాని అర్థం. అది మౌనంగానూ జరగవచ్చు. కమిజరేట్‌లో సాధారణంగా మాట ఉంటుంది, ఎదుట మనిషి ఉంటాడు.

‘అనుకంప’ను కూడా కొందరు సూచిస్తారు. కంప అంటే వణుకు, ఒకరు వణికితే ఆ వెంటే మరొకరు వణకడం. వ్యుత్పత్తి చూస్తే ఇంత అందమైన మాట దొరకదు, పద్యంలో చక్కగా ఒదుగుతుంది. సంభాషణలో పెడితే మాత్రం పాత్ర నోట పుస్తకం పలికినట్టుంటుంది. కరుణ, కారుణ్యం అసలే వద్దు. కారుణ్య నియామకం, కారుణ్య మరణం అన్న జంటలు చూడండి, రెండింటిలోనూ నిర్ణయం అవతలివారి చేతిలో ఉంది. ఓడిన ఇద్దరి మధ్య అలాంటి తేడా ఏముంది?

‘ఓదార్చు’ కూడా జాగ్రత్తగా వాడాలి. అది ‘కన్సోల్’. దాని గురి దుఃఖం తగ్గించడం. గోడు చెప్పుకున్నంత మాత్రాన దుఃఖం తగ్గాలని లేదు.

ప్రశ్న: చావు సందర్భంలో కమిజరేట్ వాడవచ్చా?

జవాబు: వాడితే తప్పని కాదు, తేలిపోతుంది. అక్కడ ‘కండోల్’, ‘కండోలెన్సెస్’ కావాలి. తెలుగులో సంతాపం చావుకే పరిమితం, పరామర్శ మాత్రం జబ్బుకూ వర్తిస్తుంది. మన ఇంగ్లీషు పత్రికల్లో ‘కండోల్డ్ ద డెత్’ అని కనిపిస్తుంటుంది. ప్రామాణిక రూపం ‘కండోల్డ్ విత్ ద ఫ్యామిలీ’. ఇక్కడా ‘విత్’ తప్పదు.

బహువచనంలో ‘కమిజరేషన్స్!’ అని విడిగా అనడం బ్రిటిష్ వాడుకలో ఎక్కువ. గెలిచినవారికి కంగ్రాచ్యులేషన్స్, ఓడినవారికి ఇది. దీన్ని ‘నా సానుభూతి’ అని తెలుగు చేస్తే శవం దగ్గర నిలబడ్డట్టుంటుంది. ‘అయ్యో, చేజారిందే!’ చాలు.

చివరగా ‘ఓవర్’ దగ్గర ఒక చిక్కు. ‘ఓవర్ ద రిజల్ట్స్’ అంటే ఫలితాల గురించి. ‘ఓవర్ ద ఫోన్’ అంటే ఫోన్‌లో. రెండూ ఒకే వాక్యంలో వస్తే వరస మార్చి రాయండి: ‘ఫలితాలు చూసుకుని, ఫోన్‌లో ఒకరితో ఒకరు గోడు చెప్పుకున్నారు.’