4294967297 ప్రధాన సంఖ్య కాదని చేత్తో ఎలా తేల్చాలి?

ప్రశ్న (మారతహళ్లి, బెంగళూరు):
మా నాన్నగారు అనంతపురంలో లెక్కల మాస్టారుగా రిటైరై ఇప్పుడు ఇక్కడ మా దగ్గరే ఉంటున్నారు. నిన్న కాఫీ తాగుతూ పేపర్ అంచున 4294967297 అని రాసి, ఇది ప్రధాన సంఖ్య అవునో కాదో చెప్పమన్నారు. సీ భాషలో చిన్న ప్రోగ్రాం రాస్తే ఆ సంఖ్య 1 అని ప్రింటయింది! పైథాన్‌లో అయితే క్షణంలో 641 × 6700417 అని వచ్చింది. ఆయన ఒప్పుకోలేదు. 1732లో గణితవేత్త ఆయిలర్ మెషిన్ లేకుండానే పట్టుకున్నాడు, నువ్వూ కాగితం మీద చూపించు అంటున్నారు. 641 దాకా ప్రధాన సంఖ్యలు 116 ఉన్నాయి, అన్నిటితోనూ భాగించుకుంటూ పోవాల్సిందేనా?

జవాబు 1:
ఆ 1 సంగతి ముందు చెప్తాను. మీ సంఖ్య 2³²+1. 32 బిట్ల అన్‌సైన్డ్ ఇంట్‌లో (రుణ సంఖ్యలు లేని పూర్ణాంకాల రకం) 4294967295 దాకే పడుతుంది, ఆ తర్వాత మళ్ళీ సున్నా నుంచి మొదలు. 64 బిట్లది వాడండి.

జవాబు 2:
116 అక్కర్లేదండీ. 3, 5, 17, 257, 65537 (అంటే 2¹+1, 2²+1, 2⁴+1, 2⁸+1, 2¹⁶+1) వరుసలో తర్వాతిది మీ నాన్నగారి సంఖ్య. ఆ ఐదూ ప్రధాన సంఖ్యలే కాబట్టి ఇదీ అంతే అని 1640లో గణితవేత్త ఫెర్మా నమ్మాడు. p అనే ప్రధాన సంఖ్యతో ఇది నిశ్శేషంగా పోతుందనుకోండి, అప్పుడు 2³²ను pతో భాగిస్తే శేషం −1 (అంటే p గుణిజానికి 1 తక్కువ), కాబట్టి 2⁶⁴కి శేషం 1, అంతకంటే చిన్న ఘాతం దేనికీ 1 రాదు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2 ఘాతం p−1కి కూడా శేషం 1 రావాలి కదా, అంటే p−1 తప్పకుండా 64తో పోవాలి. అలాంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలో దొరికిపోతుంది! 1878లో ఫ్రెంచ్ గణితవేత్త లూకాస్ 64 కాదు 128తో పోవాలని చూపించాడు, దాంతో 257, 641 రెండే మిగులుతాయి. 257 ఈ వరుసలోదే, వరుసలో ఏ రెండింటికీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి దాన్నీ కొట్టేయొచ్చు.

జవాబు 3:
అసలు భాగహారమే లేకుండా చూపించొచ్చు, నాకు చాలా ఇష్టమైన లెక్క ఇది. 641 = 5×2⁷+1, అలాగే 641 = 5⁴+2⁴. మొదటిదాన్నిబట్టి 641తో భాగిస్తే 5×2⁷కి శేషం −1, నాలుగో ఘాతం చేస్తే 5⁴×2²⁸కి శేషం 1. రెండోదాన్నిబట్టి 5⁴ బదులు −2⁴ పెట్టండి. −2³²కి శేషం 1 అని వస్తుంది, అంటే 2³²+1 నిశ్శేషంగా పోతుంది.

ప్రశ్న అడిగినవారు:
జవాబు 3 చూపించగానే నాన్నగారు కాగితం లాక్కుని తనే ఇంకోసారి రాసుకున్నారు, అందరికీ థాంక్స్ అండీ. తర్వాత మరి 6700417 మాటేమిటి అన్నారు. దాని కారణాంకాలు అసలు సంఖ్యకూ కారణాంకాలే, దాని వర్గమూలం సుమారు 2588 కాబట్టి, జవాబు 2లోని 128 లెక్కన వడగడితే 641, 769, 1153, 1409 నాలుగే మిగిలాయి. ఇద్దరం కూర్చుని నాలుగింటితోనూ భాగించాం, దేనితోనూ పోలేదు, అంటే అది ప్రధాన సంఖ్యే.