పార్టీల గొడవ సంఘంలోకి వచ్చింది, పెద్దవాళ్లతో ఎలా మాట్లాడాలి?

అందరికీ వందనాలండి. మాది విజయనగరం జిల్లా, బొబ్బిలి దగ్గర పల్లె. 2024 ఎన్నికలప్పటి నుంచి మా క్రైస్తవ సంఘంలో రెండు కుటుంబాలకు మాటల్లేవు. చెరో పార్టీ. ఒకరింట్లో ప్రార్థన పెడితే రెండోవాళ్లు రారు. మొన్న వాట్సాప్ గ్రూపులో పింఛన్ల మీద మొదలైన మాట "నీది అసలు విశ్వాసమేనా" అనేదాకా పోయింది. నాకు బాగా బాధేసింది అక్కడే. ఓటును బట్టి విశ్వాసాన్ని కొలుస్తామా?

యేసు పన్నెండు మంది శిష్యుల్లో సుంకరి, అంటే పాలకుల తరఫున పన్నులు వసూలు చేసే మత్తయి ఉన్నాడు, జెలోతే (రోమా పాలనను ఎదిరించేవాళ్లకున్న పేరు) అనే సీమోనూ ఉన్నాడు. సుంకరులంటే అప్పటి జనానికి ఎంత మంటో సువార్తల్లోనే కనిపిస్తుంది. అయినా ఇద్దరినీ ఆయనే పిలుచుకున్నాడు.

యౌవనస్థుల కూడికలో ఇది చెప్పాలనుంది. కానీ ఆ రెండిళ్ల పెద్దలూ నాకు మావయ్య, పెదనాన్న వరస. పేర్లెత్తకపోయినా తమనే అన్నానని నొచ్చుకుంటారేమోనని టెన్షన్. ముందు విడివిడిగా ఇళ్లకెళ్లి మాట్లాడాలా, పాస్టరుగారిని మధ్యలో ఉండమనాలా?

గ్రూపులో రాజకీయాలే వద్దని రూలు పెడదామని కొందరంటున్నారు. నాకది నచ్చలేదు. రోడ్డు, నీళ్లు, పింఛను మన బతుకులే కదా. మీ సంఘాల్లో ఇలాంటివి మర్యాదగా మాట్లాడుకునే పద్ధతి ఏదైనా పెట్టుకున్నారా? ఎలా మొదలుపెట్టారో దయచేసి చెప్పండి.