లంకల్లో గాలింపు: వాకీటాకీ సెట్ కుక్కని నడిపించే హ్యాండ్లర్ దగ్గరుండాలా, వెనక నడిచే మనిషి దగ్గరుండాలా?

ఏటిగట్టు

మొన్న ఆదివారం కోటిపల్లి దిగువన గోదావరి మధ్య ఒక లంకలో, తప్పిపోయినవాళ్ళని వెతికే మా వలంటీర్లం కుక్కలతో ప్రాక్టీసు చేశాం. ఇద్దరు కుర్రాళ్ళని రెల్లు దుబ్బుల్లో దాచి, కుక్కలచేత వెతికించడం. మా బంగారి నాలుగేళ్ళ లాబ్రడార్. కొబ్బరితోట దాటి ఇసుక మేట మీదకి రాగానే ఆగింది. ముక్కు పైకెత్తింది, తోక బిగిసింది. గాలి ఏటి మీదనుంచి వస్తోంది, అందులో మనిషి వాసన తగిలిందని నాకు తెలిసిపోయింది. సరిగ్గా అప్పుడే నా ఛాతీ మీదున్న వాకీటాకీ కరకరమని, "టీమ్ టూ, ఎక్కడున్నారు?" అంది. ఆగి జవాబు చెప్పాను. నాలుగు మాటలే. తలెత్తేసరికి బంగారి నా వైపు తిరిగి, "నన్నేనా పిలిచావు?" అన్నట్టు నిలబడి ఉంది. మళ్ళీ ఆ వాసన పట్టుకోవడానికి పదిహేను నిమిషాలు పట్టింది.

దాక్కున్న మనిషి దగ్గర సన్నగా మొదలై, గాలివాలున విసనకర్రలా పరుచుకుంటూ వస్తుంది వాసన. కుక్క ఆ అంచు తగిలించుకుని అటూ ఇటూ కొలుచుకుంటూ లోపలికి పోతుంది. ఆ నిమిషంలో హ్యాండ్లర్ నోరు తెరిస్తే పని చెడుతుంది. అందుకే నేననేది, సెట్, మ్యాప్, జీపీఎస్ మూడూ పదిహేను అడుగుల వెనక నడిచే రెండో మనిషి దగ్గరే ఉండాలి. హ్యాండ్లర్ దగ్గర ఈల, నీళ్ళ సీసా, తాడు చాలు. మా బృందంలో సగం మంది ఒప్పుకోవడం లేదు. మీరేమంటారు?

పాత వైర్‌లెస్

నేను ఒప్పుకోనండి. వైర్‌లెస్ డ్యూటీలో చాలా ఏళ్ళు చేసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. కబురు ఎన్ని నోళ్ళు మారితే అంత చెడుతుంది. ఒకసారి వరద డ్యూటీలో "పాత రేవు" అని మేం చెప్తే, మధ్యలో అందుకున్నాయన "పంటు రేవు" అని చెప్పాడు. నావ రెండు మైళ్ళు దిగువకి పోయింది. అక్కడ ఎదురుచూస్తున్నవాళ్ళు చీకటి పడేదాకా గట్టు మీదే కూర్చున్నారు.

ఇంకోటి. లంకలో గాలింపు అంటే చుట్టూ ఏరు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి రోజుల్లో "నీళ్ళు పెరుగుతున్నాయి, వెనక్కి రండి" అన్న మాట ముందు నడిచేవాడి చెవిలో నేరుగా పడాలి. రెల్లులో పదిహేను అడుగులు దూరమైతే వెనకాయన కేక కూడా గాలికి పోతుంది. కుక్క పని కాసేపు చెడినా పర్వాలేదు, మనిషి చెవి మూసేయకూడదు.

వైనతేయ

నేను కూడా హ్యాండ్లర్‌నే, జర్మన్ షెపర్డ్‌తో పనిచేస్తాను. ఏటిగట్టు గారూ, తప్పు సెట్‌ది కాదు, దాని స్పీకరుది. ఒక చెవిలో ఇయర్‌పీస్ పెట్టుకోండి, రెండో చెవి కుక్కకి, ఏటికి వదిలేయండి. మనకి 20 వేల హెర్ట్జ్ దగ్గరే వినికిడి ఆగిపోతుంది, కుక్కకి సుమారు 45 వేల దాకా వినబడుతుంది. స్పీకరు కరకరలో మనకి తెలియని సన్న చప్పుళ్ళు కూడా వాటికి తెలుస్తాయి.

మా కూనకి మూడు నెలల వయసునుంచీ అన్నం గిన్నె పక్కన సెట్ ఆన్‌లో పెట్టేదాన్ని. మొదటి వారం చెవులు రిక్కించి గిన్నె వదిలి వచ్చేసేది. నెల తిరిగేసరికి తల కూడా ఎత్తలేదు. వెనక నడిచే మనిషి అంటున్నారు, సరే. కానీ పిలిస్తే వచ్చేది ఇద్దరో ముగ్గురో. మా దగ్గర నాలుగు కుక్కలున్నాయి, నలుగురం హ్యాండ్లర్లం. ఇంకో నలుగురిని ఎక్కడనుంచి తెస్తాం?

ఏటిగట్టు

వైనతేయ గారూ, కూనని చప్పుడికి అలవాటు చేయడం చాలా మంచి మాట, మేం ఆ పని చేయలేదు. కానీ ఇయర్‌పీస్ పెట్టుకుంటే సగమే తీరుతుంది. బంగారి ఆ రోజు తిరిగింది కరకరకి కాదేమో అనిపిస్తోంది. నేను ఆగాను, భుజం వంచాను, చెయ్యి సెట్ మీదకి పోయింది, గొంతు మారింది. తాడు లేకుండా వదిలిన కుక్క క్షణక్షణం మన ఒళ్ళు చూసుకుంటుంది. మీరు ఇయర్‌పీస్‌లో విన్నది మీ మొహంలో కనిపిస్తుందండి. ఎప్పుడైనా ఎవరిచేతైనా వీడియో తీయించి చూసుకోండి.

సెట్ రిపేరు, అమలాపురం

ఎవరి దగ్గర ఉండాలో తర్వాత, ముందు అది పలకాలి కదా. మీరందరూ వాడుతున్నది ఆన్‌లైన్‌లో కొన్న 446 మెగాహెర్ట్జ్ అర వాట్ సెట్లే అయ్యుంటాయి. 2018 నిబంధన ప్రకారం ఆ బ్యాండ్‌కి, అంటే ఆ ఫ్రీక్వెన్సీ పరిధికి, లైసెన్సు అక్కర్లేదు, మంచిదే. కానీ అర వాట్‌తో తడిసిన కొబ్బరాకుల్లోంచి మాట దూరం పోదు. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆకులు ఎక్కువ మింగుతాయి. వర్షం ఆగిన గంటలో తోటలో నిలబడి మాట్లాడి చూడండి, మీకే తెలుస్తుంది.

మన డెల్టాకి ఒక కష్టం, ఒక సుఖం. నేల బల్లపరుపు కాబట్టి అడ్డం లేకపోతే భుజం ఎత్తులో పట్టుకున్న రెండు సెట్ల మధ్య లెక్క ప్రకారం పది కిలోమీటర్ల దాకా రేడియో చూపు, అంటే తరంగం నేరుగా పోయే దారి, ఉంటుంది. కానీ తోట అడ్డం, పైగా రిపీటరు (మాట అందుకుని మళ్ళీ దూరం పంపే యంత్రం) పెట్టడానికి కొండ లేదు. మన కొండ అంటే తుఫాను షెల్టరు మేడ, ఊరి నీళ్ళ ట్యాంకు. పది మీటర్ల ఎత్తు మేడ మీద ఒక మనిషిని కూర్చోబెడితే ఆ లెక్క పద్ధెనిమిది కిలోమీటర్లకి పోతుంది. అంత దూరం మాట నిజంగా పోవాలంటే మాత్రం 446 కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీలో పలికే 5 వాట్ల వీహెచ్ఎఫ్ సెట్లు కావాలి. వాటికి లైసెన్సు తప్పనిసరి, టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం ఇస్తుంది. అప్లికేషన్ పెట్టకుండా కొన్నవాటిని నా దగ్గరకి ప్రోగ్రామింగ్‌కి తేవద్దు.

ఇంకో మాట. సెట్ నడుముకి కట్టుకుంటే సిగ్నల్ చాలా భాగం మన ఒళ్ళే తినేస్తుంది. భుజం మీద ఏరియల్ (యాంటెన్నా) నిటారుగా ఉండాలి. హ్యాండ్లర్ వంగుతాడు, దుబ్బుల్లో దూరుతాడు, కుక్క దగ్గర మోకాలి మీద కూర్చుంటాడు. వెనకాయన నిలబడే ఉంటాడు. ఆ లెక్కన నా ఓటు వెనకాయనకే.

కొబ్బరిబోదె

ఇంత గొడవ దేనికండీ? కుక్క మెడకి జీపీఎస్ కాలర్ పెట్టండి, హ్యాండ్లర్ ఎక్కడున్నాడో సెల్‌ఫోన్‌లో లైవ్ లొకేషన్ వస్తుంది. "ఎక్కడున్నారు" అని అడిగే పనే ఉండదు. అమెరికాలో వేటకుక్కలకి పెట్టే కాలర్లు మా బంధువులు తెస్తామన్నారు.

సెట్ రిపేరు, అమలాపురం

తెప్పించకండి. ఆ కాలర్లు పనిచేసేది 151 నుంచి 155 మెగాహెర్ట్జ్ మధ్య. అక్కడ లైసెన్సు అక్కర్లేని బ్యాండ్, ఇక్కడ కాదు. శాటిలైట్ ఫోన్ ఇంకా పెద్ద సమస్య, పర్మిషన్ లేకుండా దగ్గరుంటే కేసే. ఇక సెల్ అంటారా, వరద నీళ్ళు ఊళ్ళోకి వస్తే ముందు కరెంటు తీసేస్తారు. టవర్ బ్యాటరీలు కొన్ని గంటలు. మీకు లైవ్ లొకేషన్ అవసరమయ్యే రోజునే అది ఉండదు.

కొబ్బరిబోదె

కేసు సంగతి తెలియదండి, థాంక్స్. వద్దని ఫోన్ చేసి చెప్పేస్తాను. మామూలు రోజుల్లో, ఉదాహరణకి మతిమరుపు ముసలాయన తోటల్లో తప్పిపోయిన రోజున, ఫోన్ బాగానే పనికొస్తుందని మాత్రం ఇప్పటికీ అంటాను.

పాత వైర్‌లెస్

రాత్రి కూర్చుని మళ్ళీ మొత్తం చదివాను. నేను భయపడేది ప్రమాదం కబురు ఆలస్యం కావడం గురించి, ఏటిగట్టు గారు బాధపడేది అక్కర్లేని పిలుపుల గురించి. అసలు తప్పు కంట్రోల్‌లో, అంటే బృందాలన్నిటితో సెట్‌లో మాట్లాడే చోట, కూర్చున్న మనిషిది. కుక్క పనిలో ఉండగా "ఎక్కడున్నారు" అని ఎందుకు అడగాలి? మా రోజుల్లో ప్రతి అరగంటకీ బయట ఉన్నవాడే పిలిచేవాడు, లోపలివాడు వినేవాడు. ఆ మధ్యలో కంట్రోల్‌నుంచి ఒక్క మాటకే అనుమతి ఉండేది: "గట్టెక్కు". అది వినబడితే ఉన్నపళంగా వదిలేసి రావడమే, ఎందుకని అడగకూడదు. మీరూ అలాంటి మాట ఒకటి పెట్టుకోండి. వెనకాయన ఆ మాట కేకేయనక్కర్లేదు, పెద్ద ఈల మూడుసార్లు ఊదితే చాలు, రెల్లులో కూడా వినబడుతుంది. కానీ ఆ ఈల కుక్కని పిలిచే ఈలలా ఉండకూడదు సుమా.

అయినా హ్యాండ్లర్ జేబులో ఒక సెట్, ఆపేసైనా సరే, ఉండాలి. వెనకాయన ఊబిలో దిగబడితే? ఇది మాత్రం నేను వదలను.

వైనతేయ

జేబులో ఆపేసిన సెట్ సరే. అయితే జిప్‌లాక్ కవర్లో పెట్టుకోండి. "వాటర్‌ప్రూఫ్" అన్నవన్నీ ఒకటి కాదు. సెట్ మీద ఐపీ అని ఒక నంబరు ఉంటుంది, నీళ్ళనీ దుమ్మునీ ఎంత తట్టుకుంటుందో చెప్పేది. ఐపీ54 అంటే చినుకులకే. ఐపీ67 ఉంటేనే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుంది, అదైనా తేలుతుందని కాదు. నావ దిగుతూ నేను ఒకటి ఏట్లో పోగొట్టుకున్నాను.

మనుషులు చాలరన్న నా మాటకి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

ఏటిగట్టు

నిజమే, చెప్పలేదు. నాకు తోచింది ఇది. నాలుగు కుక్కల్నీ ఒకేసారి వదలకుండా రెండేసి వదులుదాం. ఆగిన ఇద్దరు హ్యాండ్లర్లు వెనక మనుషులవుతారు. కుక్కలకీ ఎండలో విశ్రాంతి కావాలి కదా. దానివల్ల గాలించే నేల తగ్గుతుంది, అది నష్టమే. మీరు ఒప్పుకోకపోవచ్చు.

వచ్చే ఆదివారం అదే లంకలో రెండు పద్ధతులూ చేసి చూస్తాం. పొద్దున్న ఆరింటికి, గాలి ఒకే వైపునుంచి ఉండగా. ఒకసారి సెట్ నా దగ్గర, ఒకసారి వెనకాయన దగ్గర, ప్రతిసారీ దాక్కునే చోటు మార్చి. పాత వైర్‌లెస్ గారు కంట్రోల్‌లో కూర్చుంటానంటే షెల్టరు మేడ మీద కుర్చీ వేయిస్తాను. వైనతేయ గారూ, మీ షెపర్డ్‌ని కూడా తీసుకురండి, స్పీకరు చప్పుడికి తల ఎత్తుతుందో లేదో మా కళ్ళతో చూస్తాం.

పాత వైర్‌లెస్

వస్తాను. కోటిపల్లి రేవులో మొదటి పంటుకి ఉంటాను. నా ఈల నేను తెచ్చుకుంటాను.