విరమణా, విరామమా: కాల్పులు ఆగినప్పుడు ఏ మాట రాయాలి?

పాలకొండ సభ్యుడు: యుద్ధవార్త ఏదైనా మన శీర్షికల్లో ‘శాశ్వత కాల్పుల విరమణ’ అని పడిపోతోంది. అసలు తీర్మానాల్లో అలా లేదంటున్నారు. మరి ఏటి రాయాలి? విరమణకీ విరామానికీ తేడా ఉందా? పెద్దలు చెప్పండి.

విజయనగరం సభ్యుడు: రెండింటికీ ధాతువు ‘రమ్’, ఉపసర్గ ‘వి’. పుట్టుక ఒకటే గానీ వాడుకలో వేరుపడ్డాయి. పదవీ విరమణ చేసినాయన మళ్లీ ఆ కుర్చీలో కూర్చోడు. విరామం అయ్యాక నాటకం మళ్లీ మొదలవుతుంది. కాబట్టి రోజులు లెక్కపెట్టి ఆపితే ‘విరామం’ అనడమే న్యాయం. గాజా మీద 2023 నవంబరు 15న భద్రతా మండలి చేసిన 2712 తీర్మానం అడిగింది అదే: సాయం లోపలికి చేరడానికి చాలినన్ని రోజులు మానవతా విరామాలు, కారిడార్లు.

2024 మార్చి 25 నాటి 2728 ఇంకో మెట్టెక్కింది. రంజాన్ నెలలో వెంటనే కాల్పులు ఆపాలి, అది నిలకడైన విరమణకు దారితీయాలి అంది. ముసాయిదాలో ముందు ‘శాశ్వత’ అనే ఉండేది. ఓటింగుకు కాస్త ముందు మార్చారు. పాత మాటే ఉంచాలని రష్యా సవరణ పెడితే నెగ్గలేదు. చివరికి 14 ఓట్లు అనుకూలం, అమెరికా తటస్థం. అంత పంచాయితీ పెట్టి తీసేసిన మాటని మనం శీర్షికలో తిరిగి అతికిస్తే పాఠకుడికి అబద్ధం చెప్పినట్టే. ‘నిలకడైన’ అనండి, చాలు.

రాజాం సభ్యుడు: మరి కొరియా యుద్ధాన్ని ఆపిన ఒప్పందం ఏ కోవ, మాస్టారూ?

విజయనగరం సభ్యుడు: అది ‘యుద్ధ విరమణ’. సంధి కాదు బాబూ, సంధి ఇప్పటికీ కుదరలేదు. 1953 జులై 27 ఉదయం 10 గంటలకు సంతకాలు, రాత్రి 10కి అమలు. ఆదేశం ముందు వరస దాకా చేరాలంటే ఆ ఎడం ఉండాలి. లేకపోతే సంతకమయ్యాక కూడా కబురందని దళం కాలుస్తుంది, ఎదుటివాడు దాన్ని ఉల్లంఘన అంటాడు. తర్వాత 72 గంటల్లో రెండు సేనలూ మధ్యన గీసిన గీతకు చెరో 2 కిలోమీటర్లు వెనక్కి తగ్గాలని రాసుకున్నారు.

శ్రీకాకుళం సభ్యుడు: ‘ఆపాలి’ అన్న ఒక్క క్రియతో ఏ ఒప్పందమూ నిలవదు. ఏ గంటకు, ఏ దేశపు గడియారం ప్రకారం, ఏ గీత దగ్గర, ఏవేవి ఆపాలి, ఎవరు చూస్తారు, తప్పితే ఎవరికి ఫోన్ చెయ్యాలి అన్నీ ఉండాలి. తుపాకులు ఆపి డ్రోన్ల సంగతి వదిలేస్తే మర్నాడే తగువు. 2025 మే 10న మన విదేశాంగ కార్యదర్శి ఎంత కొలిచి మాట్లాడారో చూడండి: నేల, గాలి, సముద్రం మీద అన్ని కాల్పులూ, సైనిక చర్యలూ భారత కాలమానం ప్రకారం సాయంత్రం 5 గంటల నుంచి ఆపడం. మాట్లాడుకున్నది భారత్, పాకిస్తాన్‌ల సైనిక కార్యకలాపాల డైరెక్టర్ జనరళ్లు. ‘కాల్పుల విరమణ’ అంటే అందులో సగమే వస్తుంది.

గీత సరిగా రాయకపోతే ఏమవుతుందో సియాచిన్ చెబుతుంది. 1949 జులై 27 నాటి కరాచీ ఒప్పందంలో ఎన్‌జె 9842 అనే బిందువు దాకా గీత స్పష్టంగా ఉంది. అక్కడినుంచి ‘ఉత్తరంగా హిమనదాల వరకు’ అని వదిలేశారు. ఆ ఎత్తుల్లో ఎవరుంటారులే అనుకున్నారు కాబోలు. భారత్ దాన్ని నేరుగా ఉత్తరానికి చదివింది, పాకిస్తాన్ ఈశాన్యంగా కారకోరం కనుమ వైపు లాగింది. 1984 ఏప్రిల్ 13న మన సైన్యం ఆపరేషన్ మేఘదూత్‌తో పైకెక్కింది. అక్కడ తుపాకులు మూగబోయింది 2003 నవంబరులో.

సోంపేట సభ్యురాలు: ‘పౌరుల రక్షణ’ మీద నాకు పేచీ ఉందండి. పౌరుడంటే మనకు ఓటుహక్కున్నవాడు గుర్తొస్తాడు. మన ఉద్దానం నుంచి గల్ఫ్‌కి వెల్డింగు పనికెళ్లినవాడు అక్కడి పౌరుడు కాడు, యుద్ధం వస్తే మాత్రం ఈ రక్షణ వాడికీ ఉంటుంది. ‘నిరాయుధులు’ అన్నా కుదరదు, తుపాకీ గుడారంలో పెట్టి నిద్రపోయిన సైనికుడూ నిరాయుధుడే. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్ 50వ అధికరణ లెక్క వేరు: సాయుధ బలగాల్లో లేనివాళ్లంతా ఇందులోకి వస్తారు, అనుమానముంటే ఇటే లెక్కించాలి. నేరుగా పోరులో దిగితే దిగినంతసేపు ఆ రక్షణ పోతుంది. (మన దేశం 1949 జెనీవా ఒప్పందాల్లో ఉంది, ఈ ప్రోటోకాల్‌లో లేదు.) నేనైతే ‘సైనికేతరులు’ అని రాస్తాను. కొంచెం కరుకే, అయినా తప్పు దారి పట్టించదు.

బొబ్బిలి సభ్యుడు: సైనికేతరులు బాగుంది. ముట్టడి వార్తల్లో ఇంకో మాట చూడండి, ‘ఖాళీ చేయించారు’. మా ఊరి కోటలో 1757 జనవరి 24న ఆడవాళ్లూ పిల్లలూ ఎలా పోయారో ఇక్కడ అందరికీ తెలుసు. నాలుగో జెనీవా ఒప్పందం 17వ అధికరణ సరిగ్గా అలాంటి చోటికే: ముట్టడిలో చిక్కిన గాయపడ్డవాళ్లు, రోగులు, ముసలివాళ్లు, పిల్లలు, బాలింతలను బయటికి తేవడానికి స్థానిక ఒప్పందాలు చేసుకోవడానికి ఇరుపక్షాలూ ప్రయత్నించాలి. దాన్ని ‘ఖాళీ చేయించడం’ అంటే పోలీసులు ఆక్రమణలు తీసేసినట్టు వినబడుతుంది.

సోంపేట సభ్యురాలు: ‘తరలింపు’ అంటే సరిపోదా అన్నయ్యా?

బొబ్బిలి సభ్యుడు: ఒట్టి తరలింపు చాలదమ్మా, ‘తాత్కాలిక తరలింపు’ అనాలి. ఆక్రమిత ప్రాంతంలో జనాన్ని బలవంతంగా తరలించడాన్ని అదే ఒప్పందం 49వ అధికరణ నిషేధిస్తుంది. వాళ్ల భద్రత కోసం తప్పనిసరై తరలించినా, అక్కడ పోరు ఆగగానే తిరిగి ఇళ్లకు చేర్చాలంటుంది. ‘తాత్కాలిక’ తీసేస్తే ఆ చేర్చాల్సిన బాధ్యత వార్తలోంచి జారిపోతుంది.