‘సులభంగా అర్థమయ్యేది’కి ఒక్క మాట: నా ఓటు ‘తేట’కు

మొన్న ఒకరు అడిగిన ప్రశ్న: ‘సులభంగా అర్థమయ్యేది’ అని చాంతాడంత అనకుండా ఒక్క మాటలో ఏమనాలి? సుబోధకం, విశదం, కరతలామలకం అని జవాబులొచ్చినయి. తప్పేం లేదు. కానీ కరతలామలకమంటే అరచేతిలో ఉసిరికాయ అని మళ్లీ విప్పి చెప్పాల్సొస్తే ఇంకేం సులభం! దానికన్నా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు అనడం నయం. కవిత్వ శైలికి అలంకారికులు పెట్టిన ‘కదళీపాకం’ అనే పేరులోదీ ఆ అరటిపండే.

మా అమ్మమ్మ ఊరు పాలకుర్తి దిక్కు. వానకాలం బావినీళ్లు ఎర్రగా వస్తే చిల్లగింజను అరగదీసి కుండలో కలిపేది. ‘తేరనియ్యి బిడ్డా, కదిలియ్యకు’ అనేది. పొద్దున చూస్తే మడ్డంతా కిందికి దిగి, దాని మీద పడ్డ చింతాకు కూడా కనబడేది.

ఆ తేరడంలోదే తేట. మజ్జిగ తేట, సున్నపు తేట అందరికీ ఎరుకే. మూర్ఛ నుంచి ‘తేరుకోవడం’ కూడా అదే. ఇంకాస్త వెనక్కి పోతే తెలియు, తెలివి, తెలుపు, తెల్ల, తెల్లవారు అన్నీ ఒక్క కుదురువే. తమిళంలో తెళి, కన్నడంలో తిళి. కన్నడంలో తిళినీరంటే తేటనీరు, ఉత్త ‘తిళి’ అంటే తెలుసుకో. మడ్డి దిగితే కనబడుతుంది, కనబడితే తెలుస్తుంది. మాట పుట్టుకలోనే ఆ కుండ ఉంది.

‘తేలిక’ను ఇందులో కలపకండి. అది తేలడం నుంచి వచ్చింది, బరువు సంగతి. మా ‘అల్కగ’ కూడా అంతే: ‘మూట అల్కగున్నది’. ఇక సులభమంటే సుళువుగా లభించేది. ఆ లెక్కన సులభమైన పాఠమంటే బజార్ల దొరికే పాఠం!

‘సమజైందా’ ఉర్దూ నుంచి వచ్చింది, వాడొద్దు అని ఒకరు రాశారు. నేనొప్పుకోను. హనుమకొండ చౌరస్తాలో ఆటో అన్నను ‘బోధపడినదా’ అని అడిగి చూడండి, ఎగాదిగా చూస్తడు.

పాల్కురికి సోమనాథుడిదీ ఆ పాలకుర్తే (2016 నుంచి జనగామ జిల్లా). బసవపురాణంలో జాను తెనుగును (జనం మాట్లాడే తేట తెలుగును) ఎందుకు ఎంచుకున్నాడో చెప్తూ ‘సర్వసామాన్యమగుట’, అంటే అందరిదీ కాబట్టి, అన్నాడు. తెలుగు మీద అంత మక్కువ చూపిన చోట పడ్డ మాట అచ్చ సంస్కృతం! అయినా ఎవరికీ అడ్డం రాలేదు.

ఒక్క జాగ్రత్త. ‘తేటతెల్లం’ పాఠానికి అంతగా అతకదు. దాచిన గుట్టు బయటపడ్డప్పుడు అనే మాట అది. పాఠం ‘తేటగా ఉంది’ అంటే చాలు.

అన్నట్టు, చిల్లగింజను మీ దిక్కు ఏమంటరు? ఇందుపగింజ అనేవాళ్లు ఇంకా ఉన్నరా?