దీపావళి వేడుక, ఆడియో వీడియో బృందం: ఏ హార్డ్ డిస్క్ కొందాం?

తిరుపతి నుంచి, ప్రదర్శన బాధ్యురాలు

అందరికీ నమస్కారం. నేను డల్లాస్ తిరిగి రావడానికి ఇంకా పది రోజులే ఉంది. వేడుకలో వేసే ‘మన ఊరి భారతం’ ప్రదర్శనకు కావలసినవన్నీ ఇక్కడే డిస్కులోకి ఎక్కించుకుని రమ్మని పోయిన సమావేశంలో అప్పగించారు కదా. ఏది కొనాలో అడిగే ముందు సరుకు ఎంత ఉందో చెబుతాను.

చిత్తూరు దగ్గర మా అత్తగారి ఊళ్లో ఈ వేసవిలో పద్దెనిమిది రోజుల భారతం జరిగింది. పగలు హరికథ, రాత్రి నాటకం. హరికథ మొత్తాన్ని మా మరిది రికార్డు చేశాడు. రోజుకు మూడు గంటల చొప్పున 54 గంటలు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ కుదించని వేవ్ ఫైళ్లు కాబట్టి గంటకు ఒక జీబీ పైచిలుకు, అంతా కలిపి 56 జీబీ. ఎంపీ3గా మారిస్తే ఎనిమిది జీబీలో సర్దుకుంటుంది, కానీ మార్చను. భాగవతార్ గారి గొంతు వెనక జనరేటర్ మోత ఉంది. దాన్ని తగ్గించే పని ధ్వని చూసుకునే మన తమ్ముడు చేయాలంటే అసలు ఫైలే కావాలి. (రికార్డింగులు వాడుకోవడానికి భాగవతార్ గారు, నాటక బృందం ఒప్పుకున్నారు. ఆ అనుమానం వద్దు.)

నాటకాల వీడియో 20 గంటలు, సెకనుకు 50 మెగాబిట్లు. అంటే 450 జీబీ. అర్జునుడి వేషధారి తపస్సు మాను (ఎత్తైన స్తంభం) ఎక్కి పైనుంచి నిమ్మకాయలు విసరడం, కింద ఆడవాళ్లు కొంగు పట్టి నిలబడటం రెండు కోణాల్లో ఉంది. ప్రదర్శనకు అదే ప్రాణం. గంగమ్మ జాతర ఫొటోలు మూడు వేలు, 75 జీబీ. మా నాన్నగారి పాత క్యాసెట్లు అరవై, గంట చొప్పున సీడీ నాణ్యతతో మార్పిస్తే 38 జీబీ. మొత్తం సుమారు 620.

ఒక టీబీ చాలదా అంటారు. డబ్బా మీద రాసే టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు, అంటే వెయ్యి జీబీలు. విండోస్ కంప్యూటర్ మరో రకంగా లెక్కపెట్టి 931 జీబీ అని చూపిస్తుంది, ఎవరూ మోసం చేయలేదు. కానీ వేడుక రోజు మూడు కెమెరాలతో ఆరేసి గంటలు తీస్తే ఇంకో 405 జీబీ చేరుతుంది. కాబట్టి రెండు టీబీలు కావాలి.

నా మాట ఇది: రెండేసి టీబీల మామూలు రెండున్నర అంగుళాల హార్డ్ డిస్కులు రెండు కొందాం, రెండింటిలోనూ ఒకటే సరుకు. మూడున్నర అంగుళాల పెద్దవి వద్దు, వాటికి వేరే కరెంటు తీగ కావాలి.

ధ్వని చూసుకునే తమ్ముడు

అక్కా, దాచుకోవడానికి అది సరే. వేదిక మీద వేయడానికి మాత్రం ఇలా లోపల పళ్లెం తిరిగే డిస్కు వద్దే వద్దు. పోయిన ఉగాదికి ఏమైందో గుర్తుంది కదా. ఎవరో డిస్కును తీసుకెళ్లి స్పీకరు పెట్టె మీద పెట్టారు, అదురుకు డిస్కు తడబడి పాట ఆగిపోయింది. ఆరుగురు పిల్లలు ఒక కాలు ఎత్తి అలాగే నిలబడిపోయారు. వాళ్ల అమ్మలు నన్ను చూసిన చూపు నేను మరిచిపోలేదు. ప్రదర్శన ఫైళ్లకు మాత్రం చిప్పుల్లో రాసుకునే డిస్కు, అంటే చిన్న ఎస్ఎస్‌డీ, 500 జీబీ చాలు. అందులో తిరిగే భాగాలు లేవు, కింద పడినా బతికే అవకాశం ఎక్కువ.

కోశాధికారి

మూడు కొనమంటున్నారా? నిన్న ఒక ప్రకటన చూశాను, 16 టీబీ ఎస్ఎస్‌డీ రెండు వేల రూపాయలట. ఒక్కటి చాలదా?

తిరుపతి నుంచి

అన్నా, దాన్ని ముట్టుకోవద్దు. మా పిన్ని కొడుకు సరిగ్గా అలాంటిదే తెప్పించుకున్నాడు. లోపల 64 జీబీ కార్డు అతికించి, 16 టీబీ అని చూపించేలా మార్చారు. నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీద పడతాయి, పేర్లు మాత్రం కనిపిస్తూనే ఉంటాయి. పెళ్లి ఫొటోలు పోయాయి. నేను ఇక్కడ గాంధీ రోడ్డులో బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొని, ఇంటికి రాగానే డిస్కు మొత్తం నింపి, తిరిగి చదివించి పరీక్షిస్తాను.

అన్నీ ఎస్ఎస్‌డీలే కొందామని ఎవరైనా అనేలోపు చెబుతున్నాను: కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉంటే ఎస్ఎస్‌డీలో రాసింది చెరిగిపోయే ప్రమాదం ఉంది. దాచేదానికి పాతకాలపు డిస్కే మేలు, ఖరీదూ తక్కువ.

డిస్కులో ఫైళ్లు అమర్చే పద్ధతి, అంటే ఫార్మాట్, ఎక్స్‌ఫ్యాట్. విండోస్, మ్యాక్ రెండూ దాన్ని చదువుతాయి, రాస్తాయి. మనలో సగం మంది మ్యాక్ వాళ్లు. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే వాళ్లు చూడగలరు గానీ రాయలేరు, ఫ్యాట్32 అయితే నాలుగు జీబీ దాటిన ఫైలు ఎక్కదు. ఒకటే షరతు, ‘ఎజెక్ట్’ నొక్కకుండా ఎవరూ తీగ లాగకూడదు.

పెద్దాయన, పూర్వ అధ్యక్షులు

అమ్మా, అన్నమయ్య కీర్తనలను రాగి రేకుల మీద చెక్కించారు. అవే తెచ్చుకుంటే అదురుకు ఆగే బాధ లేదు కదా!

తిరుపతి నుంచి

బాబాయ్ గారూ, ఆయన రాసినవి 32 వేలంటారు, దొరికినవి అందులో సగం కూడా లేవు. రెండో సెట్టు రేకులు చెక్కించి ఉంటే బాగుండేది.

కోశాధికారి

సరే, మూడూ కొనండి. బిల్లులు పోగొట్టకండి.

తిరుపతి నుంచి, రెండు రోజుల తర్వాత

కొన్నాను. రెండు డిస్కులూ పరీక్షలో నెగ్గాయి. మొదటిదానికి కాపీ మొదలుపెడితే ఐదు గంటలు అని చూపించింది. గుండె జారింది. తీరా చూస్తే నాన్నగారి ల్యాప్‌టాప్‌లో పాత రకం పోర్టుకు తగిలించాను. పక్కనున్న నీలం రంగు పోర్టుకు మారిస్తే గంటన్నరలో అయిపోయింది.

ఒక డిస్కు నాన్నగారి బీరువాలో ఉంటుంది. రెండోదీ, ఎస్ఎస్‌డీ నా చేతి సంచిలో వస్తాయి, చెన్నైలో పెద్ద పెట్టెల్లో వేయను. పోయిన ఉగాది పిల్లల పాటలు ఎవరి దగ్గర ఉన్నాయి? ఎస్ఎస్‌డీలో ఇంకా చోటుంది, ఆదివారంలోపు పంపితే వాటినీ ఎక్కిస్తాను.