విరిగిన చోట ఎముక ఉబ్బినట్టు కనిపిస్తోంది: సరిగా అతుకుతున్నట్టేనా?

ప్రశ్న (పొదిలి దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి)

మా అబ్బాయికి పదకొండేళ్ళు. సైకిలు మీద నుంచి పడి కుడి ముంజేతి ఎముకలు రెండూ మణికట్టుకు కాస్త పైన విరిగాయి. ఒంగోలులో ఎముకల డాక్టరు గారికి చూపించగా, మత్తు ఇచ్చి ఎముకలను సరిచేసి సిమెంటు కట్టు వేశారు. నెల దాటాక కట్టు విప్పి తీసిన ఎక్స్‌రేలో విరిగిన చోట చుట్టూ తెల్లని ఉబ్బు కనిపించింది. ఎముక అరచేతి వైపుకు కొద్దిగా వంగినట్టు కూడా ఉంది. బాగానే అతుకుతున్నదని ఆయన చెప్పారు గాని, బయట జనం నిలబడి ఉండటం వల్ల వివరంగా అడగలేకపోయాను. ఊళ్ళో పెద్దలు మాత్రం వంకరగా అతికిందనీ, నాటు వైద్యుడి చేత మళ్ళీ విరిపించి కట్టించాలనీ పట్టుబడుతున్నారు.

ఆ ఉబ్బు అలాగే ఉండిపోతుందా? చెయ్యి పొట్టిదైపోతుందా? మరొక సందేహం: సాగర్ నీరు రాని రోజుల్లో మేము బోరునీరే తాగుతాము, మాది ఫ్లోరైడు ప్రాంతం. ఆ నీటికీ ఎముక అతకడానికీ సంబంధం ఉందా?

జవాబు (కావలి, విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు)

అయ్యా, దయచేసి ఆ చేతిని మళ్ళీ విరిపించవద్దు. మీరు చూసిన తెల్లని ఉబ్బును కాలస్ అంటారు. అది ఎముక అతుకుతున్నదనడానికి గుర్తే తప్ప, తప్పుగా అతికిందనడానికి గుర్తు కాదు.

ఎముక రక్తం పారే సజీవ కణజాలం. కొల్లాజెన్ అనే ప్రోటీను పోగుల మధ్య కాల్షియం, ఫాస్ఫేటులతో ఏర్పడిన హైడ్రాక్సీ అపటైట్ స్ఫటికాలు పేరుకోవడం వల్ల దానికి గట్టిదనం వస్తుంది. పోగులు లేకపోతే అది సుద్దముక్కలా పొడిపొడి అయిపోయేది. తల్లి గర్భంలో చేతుల, కాళ్ళ ఎముకలు మొదట మృదులాస్థిగానే (చెవి డొప్పలో ఉండేలాంటి మెత్తని ఎముకగానే) రూపుదిద్దుకుంటాయి. సుమారు 8వ వారం ప్రాంతంలో ఆ మృదులాస్థి నడిమిభాగం నుంచి ఎముకగా మారడం మొదలవుతుంది. పుర్రె పైభాగపు ఎముకలకు మాత్రం ఈ మృదులాస్థి దశ ఉండదు. పలుచని పొరలోనే నేరుగా ఎముక ఏర్పడుతుంది.

నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఏమిటంటే, ఎముక విరిగినప్పుడు శరీరం ఈ రెండు పద్ధతులనూ ఒకేచోట మళ్ళీ చేపడుతుంది. మొదట విరిగిన కొసల మధ్య రక్తం గడ్డకడుతుంది. కొద్దిరోజులలో దానిలోకి కొత్త రక్తనాళాలు పాకుతాయి. రెండు మూడు వారాలలో ఆ గడ్డ స్థానంలో మృదులాస్థితో కూడిన మెత్తని కాలస్ ఏర్పడి, తరువాత క్రమంగా ఎముకగా మారుతుంది. అదే సమయంలో, విరిగిన చోటుకు కాస్త ఎడంగా, ఎముకను కప్పి ఉండే పొర కింద ఆస్టియోబ్లాస్టులనే కణాలు నేరుగా కొత్త ఎముకను కడతాయి. తొందరగా కట్టిన ఈ ఎముక అల్లిక అంత క్రమంగా ఉండదు గనుక, బలం చాలడం కోసం శరీరం దానిని అవసరాన్ని మించిన లావుతో కడుతుంది. మీకు ఉబ్బుగా కనిపించినది అదే. చర్మం తెగితే మచ్చ మిగులుతుంది గాని, ఎముక మాత్రం చివరికి ఎముకతోనే పూడుతుంది.

ఆ తరువాతి దశ నెలలు, ఒక్కొక్కప్పుడు ఏళ్ళు పడుతుంది. ఆస్టియోక్లాస్టులనే కణాలు అనవసరమైన చోట ఎముకను కరిగిస్తుండగా, బరువు పడే చోట ఆస్టియోబ్లాస్టులు కొత్తగా పేరుస్తాయి. మోసే భారాన్ని బట్టి ఎముక తన ఆకృతిని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో సూత్రీకరించింది ఈ గుణాన్నే. విరగని ఎముకలోనూ ఈ పని ఆగదు. పెద్దవారి అస్థిపంజరంలో ఏటా 10 శాతం వరకు కొత్తదవుతూ ఉంటుంది.

వంపు విషయంలో మీ అబ్బాయి వయసే అతనికి పెద్ద ఆసరా. పిల్లల పొడవాటి ఎముకల కొసల దగ్గర ఎదుగుదలకు మూలమైన మృదులాస్థి పలక ఉంటుంది. ముంజేతి ఎముకలలో బొటనవేలి వైపున్న దాని పొడవులో దాదాపు నాలుగింట మూడు వంతులు మణికట్టు దగ్గరి పలక నుంచే పెరుగుతుంది. విరిగింది ఆ పలకకు దగ్గరలోనే గనుకా, ఇంకా కొన్నేళ్ళ ఎదుగుదల మిగిలి ఉంది గనుకా, మణికట్టు వంగే దిశలో ఉన్న కొద్దిపాటి వంపు క్రమంగా సరిపడే అవకాశం ఎక్కువ. ఆ పలక స్వయంగా దెబ్బతిన్నప్పుడే చెయ్యి పొట్టిదవుతుందేమోనన్న భయం ఉంటుంది. ఎక్స్‌రే చూపించి ఆ ఒక్క ప్రశ్న డాక్టరు గారిని అడగండి.

జవాబు (నెల్లూరు, ఫిజియోథెరపిస్టు)

పై జవాబుకు ఒక హెచ్చరిక చేర్చాలి. వంపు సరిపడుతుంది గాని, ఎముక మెలిపడి అతికితే ఆ మెలి ఎదుగుదలతో సరికాదు. అబ్బాయి మోచేతులు రెండూ ఒంటికి ఆనించి, అరచేతులను పైకీ కిందికీ తిప్పినప్పుడు రెండు చేతులూ ఒకేలా తిరుగుతున్నాయేమో చూడండి. కట్టు విప్పిన కొత్తలో బిగుసుకుపోయి ఉండటం సహజమే. వారాలు గడిచినా తేడా తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి. విరిగిన చోట నూనె పెట్టి గట్టిగా మర్దన చేయించవద్దు. ఇక నాటు కట్టు బిగువైతే రక్తప్రసారం ఆగి, కండరాలు శాశ్వతంగా చచ్చుబడే ప్రమాదం ఉంది. పిల్లల ముంజేతికి ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

జవాబు (కనిగిరి, గ్రామీణ నీటి సరఫరాలో పనిచేసినవాడిని)

నీటి విషయం నేను చెబుతాను. మన దేశంలో నీటిలోని అధిక ఫ్లోరైడు వల్ల పళ్ళు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో వైద్య పత్రికకెక్కించింది అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా నుంచే. పొదిలి, దర్శి, కనిగిరి ఆనాడు ఆ జిల్లాలోవే. అంటే ఇది మనకు పాత బాధ.

ఫ్లోరైడు ఎముకను గట్టిపరుస్తుంది గనుక మంచిదేనని కొందరు వాదించగా విన్నాను. అది సగం నిజం, అందుకే ప్రమాదకరం. హైడ్రాక్సీ అపటైట్‌లోని హైడ్రాక్సిల్ అనే భాగం స్థానంలో ఫ్లోరైడు చేరితే ఎముక దట్టంగా కనిపిస్తుంది గాని పెళుసుబారుతుంది. ఏళ్ళ తరబడి అధికంగా చేరితే కీళ్ళ చుట్టూ ఉండే బంధనాలు కూడా సున్నం పట్టి బిగుసుకుపోతాయి. ఎదిగే పిల్లల ఎముకలు పెద్దవారి ఎముకల కంటె ఎక్కువ ఫ్లోరైడును పట్టి ఉంచుకుంటాయి. కాలస్ కనిపించింది గనుక ఈ అతుకు పడదేమోనని మీరు బెంగపడనక్కరలేదు. అయితే ఆ చోటును శరీరం ఇంకా ఏళ్ళపాటు తిరగగడుతూనే ఉంటుంది గనుక, ఇప్పటినుంచి ఏ నీరు తాగుతాడన్నది ముఖ్యం.

భారతీయ ప్రమాణం ప్రకారం లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడు ఉండవచ్చు. వేరే నీరు దొరకని చోట 1.5 వరకు అనుమతిస్తారు. మీ బోరునీటిని పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరైన కొద్దీ దాని గాఢత పెరుగుతుంది. ఆర్‌వో యంత్రం చాలావరకు తీసివేస్తుంది. తాగే నీటికే కాక అన్నం, పప్పు వండే నీటికీ ఇదే వర్తిస్తుందని ఇంట్లో చెప్పండి.

ప్రశ్న అడిగిన తండ్రి

మీ అందరికీ కృతజ్ఞతలు. నాటు వైద్యుడి మాట మానుకున్నాము. తిండి విషయంలోనూ, మళ్ళీ ఆటలకు పంపే విషయంలోనూ ఏమైనా చెబుతారా?

జవాబు (కావలి అధ్యాపకురాలు)

ఈ వయసు పిల్లలకు రోజుకు 850 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసు. వంద గ్రాముల రాగులలో సుమారు 350, అంతే ఆవుపాలలో సుమారు 120 మిల్లీగ్రాములు ఉంటాయి. రాగి సంకటి, పెరుగు, ముళ్ళతో సహా తినే ఎండు నెత్తళ్ళు మన ఇళ్ళలో ఉన్నవే. కాల్షియం చాలని పిల్లలలో ఫ్లోరైడు హాని మరింత తీవ్రమవుతుంది గనుక మీ ఊళ్ళో ఇది రెండింతలు ముఖ్యం. టీ ఆకులోనూ ఫ్లోరైడు ఉంటుంది. పిల్లవాడికి టీ బదులు పాలివ్వండి. కాల్షియం పేగుల నుంచి ఒంటికి చేరాలంటే విటమిన్ డి కావాలి, అందుకు రోజూ కాసేపు ఎండ తగలనివ్వండి.

ముంజెయ్యి విరిగిన పిల్లలకు తొలి నెలల్లో అదే చోట మళ్ళీ విరగడం అరుదు కాదు. చేతితో రాయించండి, తేలికైన పనులు చేయించండి. సైకిలు, కబడ్డీ మాత్రం తదుపరి ఎక్స్‌రే చూసి డాక్టరు గారు ఒప్పుకున్న తరువాతే.